లెక్క తేలాక ఏం జరిగింది? నెల్లూరు మెట్టలో పిల్లలు, కుటుంబాల బాగు కోసం సాగిన పరిశోధనలపై సమీక్ష

నెల్లూరు జిల్లా మెట్ట గురించి మాట్లాడేటప్పుడు రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది నీళ్లది. ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల పళ్లను, ఎముకలను ఎలా దెబ్బతీస్తున్నాయో షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర వైద్యులు 1937లో ప్రచురించారు. వాళ్లు చూసిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి నివేదికల్లో అదొకటి. ఫ్లోరోసిస్ నివారణ కోసం కేంద్రం ప్రత్యేకంగా జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది మాత్రం 2008–09లో. తొలి విడత జిల్లాల్లో నెల్లూరు కూడా ఉంది. ఈ రెంటికీ మధ్య ఏడు దశాబ్దాలు గడిచాయి.

రెండోది సారాది. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో 1991–92లో ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు మూయించారు. ఆ కథ అక్షరాస్యత పుస్తకంలో పాఠమై జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దీనికి రెండేళ్లు కూడా పూర్తిగా పట్టలేదు.

రెండూ పిల్లల బాగుకు, ఇంటి బాగుకు సంబంధించినవే. రెండూ మెట్ట ఊళ్లవే. ఒకచోట తెలిసిన విషయం దశాబ్దాల పాటు కాగితం మీదే ఉండిపోయింది. ఇంకోచోట తెలిసిందే తడవుగా ఊళ్లు కదిలాయి. ఈ తేడా ఎందుకొచ్చింది? పరిశోధన వల్ల పిల్లలకు మేలు జరగాలంటే ఏం కావాలన్న పెద్ద చర్చకు ఇదే కీలకం. ఈ చర్చలో వైద్యులు, ఆర్థికవేత్తలు, విద్యావేత్తలు, ఉద్యమకారులు ఎవరి దారిన వాళ్లు మాట్లాడుతూ వచ్చారు. ఎవరు ఏమన్నారో, ఎంతవరకు నిరూపించారో, ఏది తేలలేదో ఒకచోట చేర్చి చూడటమే ఈ వ్యాసం పని.

మెట్ట ఏ లెక్కలోకి వస్తుంది?

ముందు లెక్కల దగ్గరే చిక్కుంది. నెల్లూరు అనగానే పెన్నా డెల్టా వరి పొలాలు, తీరాన రొయ్యల చెరువులు గుర్తొస్తాయి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు అలాంటివి కావు. వెలిగొండల నీడన వానల మీద, బోర్ల మీద బతికే నేల అది. ఆత్మకూరుకు దగ్గర్లోనే పెన్నా మీద సోమశిల జలాశయం ఉంది. ఆ నీళ్లు డెల్టా ఆయకట్టుకు పారతాయి, కండలేరు మీదుగా చెన్నై దాకా వెళ్తాయి. మెట్ట మండలాలకు నీళ్లెక్కించాల్సిన హైలెవల్ కాలువ పనులు మాత్రం ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా వరకే అంకెలిస్తుంది, మండలం దాకా దిగదు. డెల్టాలోని పిల్లవాడూ మెట్టలోని వరికుంటపాడు పిల్లవాడూ ఒకే సగటులో కలిసిపోతారు. రాష్ట్రం మొత్తానికైతే అయిదో విడత సర్వే (2019–21) స్పష్టంగానే చెప్పింది. అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 20–24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. వీటిలో మెట్ట వాటా ఎంతో ఆ సర్వే పట్టికల్లో వెతికినా దొరకదు.

పరిశోధకులు నమూనా ఎంచుకునేటప్పుడూ ఇదే జరుగుతుంది. నెల్లూరును కోస్తాలో లెక్కేస్తారు. ఉదయగిరి బతుకు మాత్రం కొండకు అవతలున్న కడప జిల్లా బద్వేలుకు, ఉత్తరాన ఉన్న కనిగిరికి దగ్గర. కోస్తా పేరుతో తీరపు జిల్లాలను తీసుకున్నా, కరువు నేల పేరుతో రాయలసీమను తీసుకున్నా ఈ ప్రాంతం రెంటికీ మధ్య జారిపోతుంది.

తొంభై ఏళ్ల దారి

1937 నివేదిక తర్వాత ఫ్లోరైడ్ పరిశోధన ఆగిపోలేదు. పండిట్, రాఘవాచారి బృందం 1940లో మద్రాసు రాష్ట్రపు ఊళ్లలో పనిచేసి, నీళ్లలో ఫ్లోరైడ్ ఒకేలా ఉన్నా తిండి సరిగా లేనివాళ్లలో ఎముకల జబ్బు ఎక్కువగా ముదురుతోందని గమనించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’లో ఒక కొత్త రూపాన్ని నమోదు చేశారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి ఒరిగిపోయి ఒకదానికొకటి తగులుతున్నాయి. అదే దశాబ్దంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే ‘నల్గొండ పద్ధతి’ని రూపొందించింది.

పోషణ వైపు 1975లో అంగన్‌వాడీల పథకం మొదలైంది. 1990–91లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నెల్లూరు ఊళ్లకు వచ్చింది. దాని వెంటే సారా ఉద్యమం, ఆ తర్వాత రోజుకు రూపాయి దాచే ‘పొదుపులక్ష్మి’ సంఘాలు వచ్చాయి. 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో బడిలో వండిన భోజనం పిల్లల హక్కు అయింది. 2002లో ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం, 2005 తర్వాత బడుల్లో పెద్ద ఎత్తున ప్రయోగాలు తెలుగు నేల మీద మొదలయ్యాయి. ఈ మొత్తం దారిలో నాలుగు ఆలోచనా ధోరణులు కనిపిస్తాయి.

మొదటి ధోరణి: కొలిచి కారణం పట్టుకోవడం

వైద్యులు, పోషకాహార శాస్త్రవేత్తలు ఈ ధోరణికి చెందినవాళ్లు. జబ్బును చూసి, నీళ్లను, తిండిని కొలిచి, కారణాన్ని తేలుస్తారు. మందో మార్గమో సూచిస్తారు. ఈ పద్ధతి బలం దాని కచ్చితత్వంలో ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఫర్వాలేదని భారతీయ ప్రమాణం చెప్పగలుగుతోందంటే ఈ పరిశోధనల చలవే.

జాతీయ కార్యక్రమంలో బడి పిల్లల పళ్లు చూసే సర్వే ఉంది. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లల్ని వరసలో నిలబెట్టి నోరు తెరిపించి, ముందు పళ్ల మీద సుద్ద రంగు చారలు, పసుపు గార, గోధుమ రంగు మచ్చలు చూసి తరగతులుగా రాసుకుంటారు. ఈ పళ్లు ఇప్పటి నీళ్ల సంగతి చెప్పవు. శాశ్వత ముందు పళ్ల పింగాణీ పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల వయసు దాకా చిగురు లోపలే తయారవుతుంది. పళ్లు బయటికి రావడం ఆరు, ఏడేళ్లకు మొదలవుతుంది. కాబట్టి ఈ ఏడు ఊరికి మంచినీళ్లు వచ్చాయనుకుంటే, ఆ మేలు పిల్లల నోట్లో కనిపించడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఒక ప్రభుత్వ కాలం అయిదేళ్లు. ఒక కలెక్టర్ జిల్లాలో ఉండేది అంతకంటే తక్కువ. ఫలితం చూపించి మార్కులు కొట్టే అవకాశం ఎవరికీ లేని పని ఇది.

నల్గొండ పద్ధతిది ఇంకో రకం కష్టం. ఇంట్లో చేసుకోవాలంటే బకెట్ నీళ్లలో కొలత ప్రకారం పటిక, సున్నం వేయాలి. కాసేపు ఆగకుండా కలియతిప్పాలి. గంట సేపు తేరనివ్వాలి. అడుగున చేరిన మడ్డి కదలకుండా పైనీళ్లు పట్టుకోవాలి. ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలో కూడా చూసుకోవాలి. పొద్దున్నే కూలికి వెళ్లే ఇల్లాలు ఇదంతా రోజూ చేస్తుందని నమ్మడమే ఈ పద్ధతిలోని లోపం. ఊరి మొత్తానికి కట్టే ప్లాంటుదీ అదే కథ. దానికి పటిక, కరెంటు, చూసుకునే మనిషి కావాలి. వాటి ఖర్చు ఏటా ఎవరు భరించాలో తేల్చకుండా కడితే ఆ ప్లాంటు మూలనపడుతుంది. కారణాన్ని కనిపెట్టడంలో ఈ ధోరణి దిట్ట. మార్గాన్ని రోజువారీ బతుకులో ఎవరు మోయాలన్న ప్రశ్న దాని పరిధిలోకి రాలేదు.

రెండో ధోరణి: పిల్లల వెంట ఏళ్ల తరబడి నడవడం

ఒక్కరోజు కొలతతో సరిపెట్టకుండా అవే పిల్లల్ని మళ్లీ మళ్లీ కలిసే పద్ధతి ఇది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ (సెస్) కలిసి నడిపిన ‘యంగ్ లైవ్స్’ 2002లో ఏడాది అటూఇటూ వయసున్న 2,000 మందిని, ఎనిమిదేళ్ల వయసున్న 1,000 మందిని ఎంచుకుంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లలో వాళ్లను వెతికి పట్టుకుంటూ వచ్చింది. నెల్లూరు ఆ జాబితాలో లేదు.

అయినా మెట్టకు పనికొచ్చే పాఠం ఇక్కడే దొరికింది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఈ సమాచారంతోనే కరువు దెబ్బ తిన్న కుటుంబాల పిల్లల్ని పరిశీలించారు. పసితనంలో కరువు వల్ల వెనకబడిన ఎత్తు, బరువులను మధ్యాహ్న భోజనం తర్వాతి ఏళ్లలో చాలావరకు భర్తీ చేసిందని 2014లో ప్రచురించారు. కరువు పట్టిన ఊళ్లో బడి పళ్లెం బీమా లాంటిదని దీని అర్థం. వానల మీద ఆధారపడే ఏ ఊరికైనా ఇది నేరుగా వర్తించే సంగతి.

పోషకాహార సంస్థ మరో ఉదాహరణ ఇచ్చింది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో సగం చోట్ల గర్భిణులకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారం అందింది. మిగతా ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. ఆ పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక మళ్లీ కొలిచారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు. గుండె జబ్బు, చక్కెర జబ్బులకు దారితీసే సూచికలు కూడా మెరుగ్గా ఉన్నాయి. 2008లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చిన ఫలితమిది. ఏ ఊళ్లకు ముందు ఇవ్వాలో చీటీ వేసి తేల్చలేదు కాబట్టి ఊళ్ల మధ్య ముందునుంచీ ఉన్న తేడాల ప్రభావం కొంత ఉండొచ్చన్న విమర్శ న్యాయమైనదే.

ఈ ధోరణి ఓపికకు గొప్ప ఫలం దక్కుతుంది. ఆలస్యం దాని శాపం. జవాబు వచ్చేసరికి ప్రశ్న అడిగిన తరం పెద్దదైపోతుంది.

మూడో ధోరణి: చీటీ వేసి పరీక్షించడం

ఒక పథకం పనిచేసిందా లేదా అని తేల్చాలంటే దాన్ని కొన్ని ఊళ్లకు ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా, ఎవరికన్నది లాటరీతో నిర్ణయించి పోల్చాలన్నది ఈ ధోరణి వాదన. ఆంధ్రప్రదేశ్ దీనికి ప్రపంచ స్థాయి ప్రయోగశాల అయింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో కలిసి ప్రభుత్వ బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చి చూశారు. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం మేర ముందుకెళ్లారు. బోనస్ ఖర్చు సగటున జీతంలో మూడు శాతమే. 180 ఊళ్లలో ప్రైవేటు బడి ఫీజును లాటరీతో ఇచ్చిన వాళ్ల మరో ప్రయోగం 2015లో వెలువడింది. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో తేడా ఏమీ కనిపించలేదు. హిందీలో మెరుగుదల వచ్చింది. ప్రైవేటు బడి ఖర్చు మాత్రం ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ.

అప్పుల విషయంలోనూ ఈ పద్ధతి కొన్ని భ్రమలు తొలగించింది. హైదరాబాద్ బస్తీల్లో 104 చోట్ల బెనర్జీ, డుఫ్లో తదితరులు చేసిన పరీక్షలో సూక్ష్మరుణం వ్యాపారాలను కొంత పెంచింది. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు.

ఈ ధోరణి మీద రెండు విమర్శలున్నాయి. ఒకటి, చిన్న ప్రశ్నలకే ఇది నప్పుతుంది. ఊరికి మంచినీళ్ల పైపు వేయాలా వద్దా అన్నదాన్ని లాటరీలో పెట్టలేం, పెట్టకూడదు కూడా. రెండు, తేలిన ఫలితం అమలవుతుందన్న హామీ లేదు. టీచర్ల బోనస్ ప్రయోగం ప్రపంచమంతా చదువుకుంది. అది జరిగిన రాష్ట్రంలో మాత్రం అది విధానంగా స్థిరపడలేదు. ఉపాధ్యాయ సంఘాలు, బదిలీలు, ఎన్నికల లెక్కలు పరిశోధన వ్యాసంలోని పట్టికలో ఉండవు.

నాలుగో ధోరణి: జనమే తేల్చుకోవడం

దూబగుంట ఈ ధోరణికి పెద్ద ఉదాహరణ. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు తమ బతుకు గురించే చర్చించుకున్నారు. కూలి డబ్బులు ఎటు పోతున్నాయి? పిల్లలకు పాలు, పుస్తకాలు ఎందుకు రావడం లేదు? దెబ్బలు ఎందుకు తప్పడం లేదు? ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా అమ్మించిన ‘వారుణి వాహిని’ రోజులవి. సారా కొట్టు మూయించిన కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ పాఠంగా మిగతా ఊళ్లకు చేరింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి.

ఇందులో ఘనత ఎవరిదన్నదాని మీద పరిశోధకులే తగువులాడుకున్నారు. ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో 1992–93 మధ్య శత్రుఘ్న, బాలగోపాల్, కంచ ఐలయ్య, అన్వేషి బృందం వరుసగా రాశారు. అక్షరాస్యత పాత్ర ఎంత, రాజకీయ పార్టీల పాత్ర ఎంత, ఇంటి ఖర్చు సమస్య రాజకీయ సమస్యగా ఎలా మారిందన్నది వాటిలో ప్రధాన చర్చ. ప్రతి వర్గమూ ఆ ఆడవాళ్లను తమ కథలో పాత్రగా మార్చుకుందని సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో విమర్శించారు. ఆ విమర్శ ఇప్పటికీ చెల్లుతుంది. పరిశోధన పేరుతో కుటుంబాల దగ్గరికి వెళ్లే ఎవరికైనా అది హెచ్చరికే.

బాలకార్మికుల చర్చలో శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ కూడా ఇలాగే ఊళ్ల అనుభవం నుంచి వాదన నిర్మించింది. పేదరికం పోయాకే పిల్లలు బడికొస్తారన్న నమ్మకాన్ని అది ఒప్పుకోలేదు. బడికి రాని ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడేనంది. రంగారెడ్డి జిల్లాలో శిబిరాల ద్వారా పిల్లల్ని బడిలోకి తెచ్చి చూపించింది.

ఈ ధోరణి బలహీనత నిలకడలో ఉంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ తర్వాత మద్యం రాబడి ఏ ప్రభుత్వానికీ చేదు కాలేదు. ఊరు గెలిచిన పోరాటాన్ని ఖజానా మళ్లీ ఓడించింది. మద్యం ఆగిన ఆ కొద్ది ఏళ్లలో పిల్లల ఎత్తు, బరువు, చదువు ఏమైనా మారాయా అని నెల్లూరు ఊళ్లలో కూర్చుని కొలిచినవాళ్లు కూడా కరువే. ఉద్యమం ఇంత పెద్దదైనా దాని మేలుకు అంకెల సాక్ష్యం పలచన.

నాలుగూ పక్కపక్కన

- కొలిచే ధోరణి: కారణం చెప్పడంలో మేటి. ఫలితం వాడాల్సింది ప్రభుత్వ శాఖ. ఫ్లోరైడ్ విషయంలో ఆ శాఖ ఏదో దశాబ్దాల పాటు స్పష్టం కాలేదు.
- వెంట నడిచే ధోరణి: దీర్ఘకాలిక మేలు చూపగలదు. ఫలితం వాడాల్సింది ఇప్పటికే నడుస్తున్న పథకాలు. అందుకే మధ్యాహ్న భోజనం మీద వచ్చిన సాక్ష్యం ఆ పథకానికి బలమైంది.
- చీటీ వేసే ధోరణి: ఏది పనిచేయదో తేల్చడంలో నిష్కర్షగా ఉంటుంది. ఫలితం వాడాలంటే రాజకీయ సంకల్పం కావాలి.
- జనం తేల్చుకునే ధోరణి: వేగంలో దీనికి సాటి లేదు. ఫలితం వాడేది ఆ ఊరి మనుషులే. వాళ్లు గెలిచినదాన్ని నిలబెట్టాల్సింది ప్రభుత్వం.

ఈ పోలికలో ఒక తీరు కనబడుతుంది. ఫలితం ఒక పాఠంగానో, పూట భోజనంగానో కుటుంబం చేతికి వచ్చినచోట పని నడిచింది. ఫలితం పెద్ద పెట్టుబడిని, ఏటేటా నిర్వహణను కోరినచోట, బాధ్యుడి పేరు లేనిచోట, పని ఆగింది. సారాను ఆపడానికి ప్రభుత్వం అమ్మడం మానేస్తే చాలు. నీళ్లు తేవడానికి ప్రభుత్వం ఏళ్ల తరబడి పని చేస్తూనే ఉండాలి. అయితే దీనికి రెండో ముఖం కూడా ఉంది. ఒక్కసారి పైపు పడి నది నీళ్లు ఇంటికొచ్చి, దాన్ని చూసుకునే దిక్కు ఉంటే ఆ మేలు ఎన్నికలతో పోదు. త్వరగా గెలిచింది త్వరగా జారిపోవచ్చు. ఆలస్యంగా వచ్చింది నిలవొచ్చు.

ఇంకా తేలనివి

ఒకటి, నగదు సంగతి. 2020 జనవరిలో ‘అమ్మఒడి’తో తల్లుల ఖాతాల్లో ఏడాదికి రూ.15,000 వేయడం మొదలైంది. 2025లో ‘తల్లికి వందనం’గా కొనసాగింది. డబ్బు తల్లి చేతికిస్తే పిల్లల హాజరు, తిండి మెరుగుపడతాయా? అదే డబ్బు బడికి, అంగన్‌వాడీకి పెడితే ఎక్కువ మేలా? వాదనలు రెండువైపులా గట్టిగానే ఉన్నాయి. రెండింటినీ ఒకే ఊళ్లలో పోల్చి చూస్తే తప్ప ఈ తగువు తీరదు.

రెండు, వలస. మెట్ట కుటుంబాలు పని కోసం పట్నాలకు వెళ్లొస్తుంటాయి. ఇంటి చిరునామా పట్టుకుని చేసే సర్వేలో సరిగ్గా ఎక్కువ అవసరమున్న పిల్లలే తప్పిపోతారు. అమ్మానాన్న వెళ్లాక అవ్వా తాతల దగ్గర ఉండే పిల్లల చదువు, ఆడపిల్లల తొందర పెళ్లిళ్లు ఎలా ముడిపడి ఉన్నాయన్నది అందుకే మసకగా ఉండిపోయింది.

మూడు, ఫ్లోరైడ్‌తో తిండికి ఉన్న ముడి. 1940లోనే గమనించిన సంగతి ఇది. నీళ్లు మార్చడానికి పదేళ్లు పడితే, ఈలోగా పాలు, ఆకుకూరలు, గుడ్డు ఇవ్వడంతో ఎంత నష్టం తగ్గించవచ్చన్నది పథకాల స్థాయిలో పరీక్షించాల్సిన ప్రశ్న. అంగన్‌వాడీ, బడి రెండూ ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి ఇది ఖరీదైన పరీక్ష కూడా కాదు.

నాలుగు, ఫలితం ఎవరికి చెప్పాలన్నది. నోరు తెరిచి పళ్లు చూపించిన పిల్లవాడి ఇంటికి, రక్తం ఇచ్చిన బాలికకు, ప్రశ్నలకు ఓపికగా బదులిచ్చిన తల్లికి ఆ లెక్క తిరిగి చేరాలన్న నియమం మన పరిశోధనల్లో ఇంకా ఆనవాయితీ కాలేదు. దూబగుంట పాఠం అంత వేగంగా పాకడానికి కారణాల్లో ఒకటి, అది ఆ ఊళ్ల కథను ఆ ఊళ్లకే వాళ్ల మాటల్లో తిరిగివ్వడం.

ముందుకు

నాలుగు ధోరణుల్లో ఒకదాన్ని ఎంచుకోవాల్సిన పని లేదు. ఉదయగిరి, ఆత్మకూరు లాంటి ప్రాంతాలకు కావాల్సింది వాటిని ఒక వరసలో పెట్టడం. మండలాల వారీగా పిల్లల ఎత్తు, బరువు, రక్తహీనత అంకెలు వేరుగా ప్రకటించాలి. బడి పిల్లల పళ్ల సర్వేను నిర్ణీత కాలానికోసారి అవే ఊళ్లలో మళ్లీ చేయాలి. ఆ అంకెలను గ్రామసభలో చదివి వినిపించాలి. ప్రతి అంకె పక్కన దాన్ని మార్చాల్సిన శాఖ పేరు, గడువు రాయాలి. నీళ్ల విషయంలో ఆ గడువు ఒక ప్రభుత్వ కాలం దాటుతుంది. కాబట్టి మాట ఇచ్చినవాళ్లు పదవిలో లేకపోయినా అడిగేవాళ్లు ఊళ్లో ఉండాలి. 1937 నాటి లెక్కకు అలా అడిగే దిక్కు లేకుండా పోయింది. 1992 నాటి ఊళ్లు మాత్రం సొంతగా నిలదీయగలమని చూపించాయి. పిల్లల బాగు కోరే ఏ పరిశోధన అయినా తన ఫలితాన్ని మొదట ఆ అడిగేవాళ్ల చేతిలో పెట్టాలి.